తడి రోడ్డు మీద పట్టు ఎవరి పూచీ? డ్రాగ్ రేడియల్ హెచ్చరిక నుంచి గుండు టైర్ల దాకా

అమెరికాలో డాడ్జ్ కంపెనీ 2017లో ‘ఛాలెంజర్ ఎస్ఆర్‌టీ డీమన్’ అనే కారును ఆవిష్కరించింది. ఇంజిన్ శక్తి 840 హార్స్‌పవర్. డ్రాగ్ రేసుల కోసమే తయారైన కారు అయినా, నంబర్ ప్లేటు బిగించుకుని మామూలు రోడ్డు మీదా నడుపుకోవచ్చు. దానికి కంపెనీయే డ్రాగ్ రేడియల్ టైర్లు బిగించి ఇచ్చింది. అయితే కొనేవారితో ఒక పత్రం మీద సంతకం చేయించుకుంది. ఈ టైర్లు ప్రధానంగా రేసు ట్రాక్ కోసం చేసినవని, వీటి గాళ్ల లోతు మామూలు టైర్ల కంటే తక్కువని, భారీ వర్షంలో, నీరు నిలిచిన చోట నడపకూడదని అందులో ఉంది.

అంటే అమ్మే కంపెనీయే ‘వానలో ఈ టైర్లను నమ్ముకోవద్దు’ అని రాసిచ్చింది. కొన్న మనిషి చదివి సంతకం చేశాడు. తర్వాత ఏం జరిగినా, విషయం తెలియదని అనడానికి ఎవరికీ వీల్లేదు.

భారత్‌లో డ్రాగ్ రేడియల్ టైర్లు వాడేవారు చాలా తక్కువ. కానీ జూన్‌లో తొలి వాన పడే నాటికి దేశంలోని రోడ్ల మీద అదే లక్షణంతో తిరిగే వాహనాలకు కొదవ ఉండదు. బటన్లు అరిగిపోయి గుండు అయిన టైర్లు, గాలి తగ్గిన టైర్లు, రబ్బరు గట్టిపడిన పాత టైర్లు... వీటికి మాత్రం హెచ్చరిక పత్రం ఉండదు, సంతకం ఉండదు. చాలా సందర్భాల్లో వాటిని తనిఖీ చేసే వ్యవస్థే ఉండదు.

తడి రోడ్డు మీద టైరు పట్టు గురించి దేశంలో చట్టం ఏం చెబుతోంది? అది ఎక్కడిదాకా పనిచేస్తోంది? ఎక్కడ ఆగిపోతోంది?

డ్రాగ్ రేడియల్ అంటే ఏమిటి?

డ్రాగ్ రేసు అంటే నిలిచి ఉన్న వాహనం తిన్నటి ట్రాక్ మీద కొద్ది వందల మీటర్ల దూరాన్ని ఎంత తక్కువ సమయంలో దాటుతుందనే పోటీ. అక్కడ అన్నిటికంటే ముఖ్యం, ఇంజిన్ శక్తి అంతా జారిపోకుండా నేలకు చేరడం. అందుకే డ్రాగ్ రేడియల్‌లో చాలా మెత్తటి రబ్బరు వాడతారు. నేలను తాకే భాగం వీలైనంత వెడల్పుగా, నునుపుగా ఉండేలా చూస్తారు. గాళ్లు పేరుకు కొన్ని మాత్రమే ఉంటాయి. ట్రాక్ మీద గాలి కూడా బాగా తగ్గించి నడుపుతారు. గాలి తగ్గితే టైరు నేల మీద ఇంకాస్త పరుచుకుంటుంది.

పొడి ట్రాక్ మీద, టైరు వేడెక్కాక ఇది అద్భుతంగా పనిచేస్తుంది. మెత్తదనమంత త్వరగా అరుగుతుంది కూడా. అమెరికాలో టైరు ఎంతకాలం మన్నుతుందో చెప్పే అంకెను టైరు పక్కనే ముద్రిస్తారు. మామూలు కారు టైర్ల మీద అది తరచూ 300, 400, ఆపైన ఉంటుంది. కొన్ని డ్రాగ్ రేడియల్స్ మీద ‘00’ అని ఉంటుంది.

అయినా ఇవి రోడ్డు మీద వాడటానికి అనుమతి ఉన్న టైర్లే. అక్కడి రవాణా శాఖ ప్రమాణాలకు లోబడి ఉన్నట్టు ముద్ర కూడా ఉంటుంది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ‘చట్టం ఒప్పుకుంది’ అంటే ‘అన్ని వాతావరణాల్లో భద్రం’ అని కాదు. ఈ తేడాను డాడ్జ్ కంపెనీ కాగితం మీద పెట్టింది. భారత్‌లో ఆ తేడా వాహనదారుడి ఊహకే వదిలేసి ఉంది.

నీటి మీద టైరు ఎందుకు తేలుతుంది?

పొడి రోడ్డు మీద టైరుకు గాళ్ల అవసరం పెద్దగా ఉండదు. రేసు కార్ల టైర్లు నున్నగా ఉండేది అందుకే. గాళ్లు ఉన్నదే నీటి కోసం. టైరు ముందుకు దొర్లుతున్నప్పుడు దాని కిందకు వచ్చే నీరు ఎటో ఒకవైపు పోవాలి. ఎంత నీరు అనేది చిన్న లెక్కతో తెలుస్తుంది. నేలను తాకే భాగం 20 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉంది. కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అప్పుడు ముందు టైరు ఒక్కొక్కటీ సెకనుకు సుమారు 13 లీటర్ల నీటిని పక్కకు తోసేయాలి. అంటే సెకనుకు దాదాపు ఒక బకెట్.

గాళ్లు లోతుగా ఉంటే ఆ నీటిలో చాలా భాగం వాటిలోకి పోతుంది. గాళ్లు అరిగిపోతే నీటికి దారి లేదు. అది టైరు ముందు గోడలా పేరుకుని, వేగం పెరిగేకొద్దీ టైరు కిందకు చొరబడుతుంది. ఒక దశలో టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర మాత్రమే మిగులుతుంది. దీన్నే హైడ్రోప్లేనింగ్ అంటారు. ఆ క్షణాన స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేక్ తొక్కినా ఫలితం ఉండదు.

ఈ ప్రమాదాన్ని శాస్త్రీయంగా లెక్కకట్టింది విమానాల కోసం. తడిసిన రన్‌వేల మీద విమానాలు జారిపోవడంపై 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో వాల్టర్ హార్న్ బృందం ప్రయోగాలు చేసింది. నీటి లోతు టైరు గాళ్లను మించినప్పుడు, టైరు ఏ వేగం దగ్గర తేలుతుందనేది ప్రధానంగా అందులోని గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుందని తేల్చింది. ఒత్తిడి అంకెకు వర్గమూలం కట్టి, దాన్ని 9తో గుణిస్తే నాట్లలో వేగం వస్తుంది. కిలోమీటర్లలో కావాలంటే సుమారు 16.7తో గుణించాలి.

ఇది విమానాల టైర్లకు కట్టిన సూత్రం. కారుకు అచ్చంగా వర్తించకపోయినా, అంచనాకు పనికొస్తుంది. 32 పీఎస్ఐ గాలి ఉన్న గుండు టైరు గంటకు దాదాపు 94 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. గాలి 24 పీఎస్ఐకి తగ్గితే ఆ వేగం 82 కిలోమీటర్లు. 18 పీఎస్ఐకి దిగితే 71. డ్రాగ్ రేడియల్‌ను వానలో నడపవద్దనడం వెనుక ఉన్న లెక్క ఇదే: గాళ్లు తక్కువ, గాలి తక్కువ, వెడల్పు ఎక్కువ. నెలల తరబడి గాలి చెక్ చేయించని, బటన్లు అరిగిన మామూలు కారు టైరు కూడా తనకు తెలియకుండానే అదే వరుసలోకి చేరుతుంది.

టైరు పూర్తిగా తేలకపోయినా ముప్పు తప్పదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, బ్రేక్ తొక్కిన తర్వాత సుమారు 56 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద అది 0.4కు పడిపోతే 98 మీటర్లు కావాలి. బ్రేక్ మీదకు కాలు వెళ్లేలోపు గడిచే ఒక సెకనుకు మరో 28 మీటర్లు కలపాలి. ఏబీఎస్ ఉందన్న ధీమా ఇక్కడ పూర్తిగా పనికిరాదు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. ఉన్న పట్టును సరిగా వాడుకునేలా చేస్తుంది. లేని పట్టును అది పుట్టించలేదు.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 94వ నిబంధన టైర్ల పరిస్థితి గురించి చెబుతుంది. కార్లు, బస్సులు, లారీల టైర్ల గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. రెండు, మూడు చక్రాల వాహనాలకైతే 0.8 మిల్లీమీటర్లు. కొత్త కారు టైరు గాళ్ల లోతు సాధారణంగా 7-8 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలిచే పరికరం లేకపోయినా తెలుసుకునే వీలుంది. గాళ్ల మధ్యలో అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే గడువు తీరినట్టే.

ఇది వాడకంలో ఉన్న టైరు సంగతి. తయారీ దశలో తడి పట్టుకు భారత్‌లో చాలాకాలం తప్పనిసరి పరీక్ష లేదు. టైర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2009లో కేంద్రం నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. అది ప్రధానంగా టైరు దృఢత్వం, కొలతలు, మన్నికలకు సంబంధించింది. 2022 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ మరో అడుగు వేసింది. కార్లు, తేలికపాటి ట్రక్కులు, బస్సులు, లారీల టైర్లకు దొర్లుడు నిరోధం, తడి పట్టు, శబ్దం అనే మూడు పరీక్షలను ఏఐఎస్-142 ప్రమాణం కింద తప్పనిసరి చేసింది. కొత్త డిజైన్లకు 2022 అక్టోబరు 1 నుంచి, అప్పటికే ఉన్న డిజైన్లకు 2023లో దశలవారీగా ఇది అమల్లోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం ప్రమాణాలతో దీన్ని అనుసంధానించారు.

ఇది నిజంగా ముందడుగే. పొరుగు దేశాలకు కూడా దారి చూపగల నియమం. అయితే ఇందులో మూడు ఖాళీలు ఉన్నాయి.

మొదటిది, ఇది కొత్త టైరుకే పరిమితం. టైరు పుట్టినప్పుడు తడి పట్టు ఎంత ఉందో చెబుతుంది. సగం అరిగాక ఎంత మిగులుతుందో చెప్పదు. ఐరోపా యూనియన్ ఇప్పుడు ఆ దిశగా కదిలింది. కొత్త రకం కారు టైర్లకు 2024 జూలై నుంచి అరిగిన స్థితిలో కూడా తడి పట్టు పరీక్ష పెట్టింది.

రెండోది, ఇందులో ద్విచక్ర వాహనాల టైర్లు లేవు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. కారుకు నాలుగు టైర్లు, చుట్టూ ఇనుప గూడు. బండి మీద వెళ్లే మనిషికి రెండు సన్నటి టైర్లు, వాటిలో ఒకటి జారినా నేల మీదే. ఎక్కువ ప్రాణాలు పోతున్న చోటే తడి పట్టు నిబంధన లేకపోవడం పెద్ద లోటు.

మూడోది, పరీక్ష ఫలితం కొనుగోలుదారు చేతికి అందుతున్న తీరు. ఐరోపాలో 2012 నవంబరు నుంచి ప్రతి కారు టైరుకు లేబుల్ ఉంటోంది. తడి పట్టుకు విడిగా అక్షరాలతో శ్రేణి ఇస్తారు. పాత లేబుల్‌లోని అత్యుత్తమ, అధమ శ్రేణుల మధ్య గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగే దూరంలో తేడా 18 మీటర్ల దాకా ఉండవచ్చని అక్కడి అధికారిక అంచనా. అది నాలుగు కార్ల పొడవు. భారత్‌లో ఇంధన సామర్థ్య బ్యూరో టైర్లకు స్టార్ రేటింగ్‌ను స్వచ్ఛంద పథకంగా తెచ్చింది. ఆ సంస్థ ఉన్నదే ఇంధన ఆదా కోసం కాబట్టి, నక్షత్రాలు జనానికి మైలేజీ గుర్తుగానే తెలుసు. ‘వానలో ఏ టైరు ఎంత దూరంలో ఆగుతుంది’ అనే ప్రశ్నకు టైర్ల షాపులో సూటిగా జవాబు చెప్పే గుర్తు ఇప్పటికీ జనం నోట్లో నానలేదు.

టైర్ల తయారీలో తడి పట్టు, ఇంధన ఆదా, మన్నిక అనే మూడూ ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. ఒకటి పెంచితే మరొకటి తగ్గే ప్రమాదం ఉంటుంది. డ్రాగ్ రేడియల్ పొడి పట్టు కోసం మన్నికను, వాన భద్రతను వదులుకుంది. భారతీయ కొనుగోలుదారు అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది?’ అనేది. మార్కెట్ ఆ ప్రశ్నకే జవాబిస్తుంది. తడి పట్టు గురించి అడిగేవారు లేనప్పుడు, దాని మీద పోటీ పడే కంపెనీలూ తక్కువగానే ఉంటాయి.

తనిఖీ ఎక్కడ?

94వ నిబంధన ఉంది. అది అమలవుతోందో లేదో చూసేదెవరు?

రవాణా వాహనాలకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. కొత్త లారీ, బస్సు, ట్యాక్సీలకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. ఈ పరీక్షను యంత్రాలతో నడిచే ఆటోమేటెడ్ కేంద్రాలకు మార్చే ప్రక్రియ నడుస్తోంది. కానీ రోజూ తిరిగే ట్యాక్సీ టైర్లు రెండేళ్లలోపే అరిగిపోవచ్చు. పరీక్ష రోజున మంచి టైర్లు బిగించి, మర్నాడు పాతవి పెట్టుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

సొంత కార్లు, బైకుల సంగతి మరీ విచిత్రం. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. ఫిట్‌నెస్ పరీక్ష ప్రస్తావన వచ్చేది ఆ గడువు తీరాక పునరుద్ధరణ సమయంలోనే. అంటే ఒక కారు మూడు నాలుగు జతల టైర్లు మార్చేంత కాలం గడిచినా, వాటిలో ఒక్కదాన్ని కూడా ప్రభుత్వం తరఫున ఎవరూ చూడకపోవచ్చు. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్న నిబంధన సొంత వాహనాల విషయంలో దాదాపుగా నైతిక సూక్తిగా మిగిలిపోయింది.

లెక్కల్లోనూ ఇదే తీరు. రవాణా శాఖ వార్షిక నివేదికలో ప్రమాదాల కారణాల పట్టిక ఉంటుంది. అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, రెడ్ లైట్ దాటడం, సెల్‌ఫోన్ వాడకం... చివరగా ‘ఇతరాలు’. 2022 మరణాల్లో 71.2 శాతం అతివేగం ఖాతాలోకి వెళ్లాయి. వానలో 90 కిలోమీటర్ల వేగంతో పోతూ గుండు టైర్లతో జారిన కారు కూడా ఆ ఖాతాలోకే వెళ్తుంది. ఆ వేగం మంచి టైర్లకు పెద్దది కాకపోవచ్చు. కానీ టైరు గాళ్ల లోతు ఎంత అన్న ప్రశ్నకు పట్టికలో గడి లేదు. లెక్కలో లేని సమస్యకు విధానమూ ఉండదు.

మరో వాదన కూడా ఉంది. ఇవే నివేదికల ప్రకారం ప్రమాదాల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఎండ కాసే, నిర్మలంగా ఉన్న వాతావరణంలోనే జరుగుతున్నాయి. మరి వాన గురించి ఇంత ఆందోళన ఎందుకని అడగవచ్చు. ప్రశ్న సరైనదే. అయితే దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో వాన పడే గంటలు ఏడాది మొత్తంలో చాలా తక్కువ. ఏడాది వర్షంలో మూడొంతుల దాకా జూన్-సెప్టెంబరు మధ్యే కురుస్తుంది. ఆ నాలుగు నెలల్లోనూ రోజంతా వాన ఉండదు. కాబట్టి చూడాల్సింది మొత్తం ప్రమాదాల్లో వాన వాటా ఎంత అని కాదు. తడి రోడ్డు మీద గడిపిన ఒక్కో గంటకు ముప్పు ఎంత పెరుగుతోంది అని. ఆ లెక్క కట్టడానికి కావలసిన సమాచారాన్ని నివేదికలు ఇవ్వడం లేదు.

హైవేలు మారాయి, నియమాలు మారలేదు

పదిహేనేళ్ల క్రితం సగటు హైవే మీద వానలో 90 కిలోమీటర్ల వేగం అందుకోవడమే కష్టం. గుంతలు, ఎదురు వాహనాలు, పశువులు బ్రేకులుగా పనిచేసేవి. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. ముంబయి-నాగ్‌పుర్ సమృద్ధి మహామార్గ్ 701 కిలోమీటర్లు. కార్లకు గరిష్ఠ వేగం 120 కిలోమీటర్లు. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు మీద కూడా 2023లో గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. నాసా సూత్రం చెప్పే 80-95 కిలోమీటర్ల గీత ఈ రోడ్ల మీద నిత్యం దాటే వేగమే.

సమృద్ధి మార్గం ఇందులో ఒక పాఠం. 2022 డిసెంబరులో నాగ్‌పుర్-శిర్డీ భాగం తెరిచాక వరుస ప్రమాదాలు జరిగాయి. ఆ తర్వాత మహారాష్ట్ర రవాణా అధికారులు ప్రవేశ ద్వారాల దగ్గర టైర్లు తనిఖీ చేసి, బాగా అరిగినవి ఉంటే వాహనాలను వెనక్కి పంపడం మొదలుపెట్టారు. అంటే చట్టంలో ఉన్నదాన్ని అమలు చేయడం సాధ్యమే. అదే రోడ్డు మీద మరో పాఠమూ ఉంది. 2023 జూలై 1న బుల్‌ఢాణా జిల్లాలో ప్రైవేటు బస్సు ప్రమాదంలో 25 మంది మరణించినప్పుడు, టైరు పేలిందని డ్రైవర్ చెప్పాడు. అందుకు ఆధారాలు లేవని రవాణా అధికారుల నివేదిక పేర్కొంది. టైరు మీద నెపం వేయడం తేలిక. దాన్ని నిరూపించడానికైనా, కాదనడానికైనా ప్రమాదం తర్వాత టైరును శాస్త్రీయంగా పరిశీలించే అలవాటు ఉండాలి.

న్యాయస్థానాలు మాత్రం టైరును విధి ఖాతాలో వేయడానికి ఒప్పుకోవడం లేదు. 2010లో పుణె నుంచి ముంబయి వెళ్తున్న కారు టైరు పేలి ఒకరు మరణించిన కేసులో, అది దైవఘటన అని బీమా సంస్థ వాదించింది. 2023లో బాంబే హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. టైరు పేలడం దైవఘటన కాదని, మానవ నిర్లక్ష్యమని చెబుతూ 1.25 కోట్ల రూపాయల పరిహారాన్ని సమర్థించింది. టైరు బాగోగులు చూసుకోవడం వాహనం నడిపేవారి బాధ్యత అన్నది ఆ తీర్పు సారం. వానలో జారిన గుండు టైరుకు కూడా ఇదే తర్కం వర్తిస్తుందని ఎవరైనా వాదించవచ్చు.

రోడ్డు వాటా కూడా ఉంది. నీరు పక్కకు జారిపోవడానికి రోడ్డు మధ్య నుంచి అంచులకు 2 నుంచి 2.5 శాతం వాలు ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. పొర మీద పొర తారు వేయడం, పక్క కాలువలు పూడిపోవడం, చక్రాల దారిలో రోడ్డు కుంగడం వల్ల నీరు అక్కడే నిలుస్తుంది. మంచి టైరునైనా ఆ మడుగు ఓడించగలదు. వాహనదారుడి వద్ద గాళ్ల లోతు కొలిచే ప్రభుత్వం, తన రోడ్డు మీద నీటి లోతు కూడా కొలవాల్సి ఉంటుంది.

ధర సంగతేమిటి?

గుండు టైర్లతో తిరిగేవారందరూ నిర్లక్ష్యంతోనే తిరగడం లేదు. ఆటో నడిపేవారికి, ఒకే లారీ ఉన్న యజమానికి టైర్ల జత అంటే నెల ఆదాయం మీద పడే దెబ్బ. అందుకే రీబటన్ టైర్లకు, సెకండ్ హ్యాండ్ టైర్లకు అంత గిరాకీ. సరిగా చేసిన రీట్రెడింగ్ తప్పేమీ కాదు. దానికీ భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. విమానాల టైర్లకు కూడా రీట్రెడింగ్ చేస్తారు. పాడైన టైరుకు పైపూతగా కొత్త రబ్బరు అతికించడమే ప్రమాదం.

ప్రభుత్వ విధానాలు కూడా టైరు ధరను నిర్ణయిస్తాయి. 2020 జూన్‌లో భారత్ కొత్త టైర్ల దిగుమతులను నియంత్రిత జాబితాలో చేర్చింది. అదే ఏడాది శ్రీలంక విదేశీ మారకాన్ని కాపాడుకోవడానికి టైర్ల దిగుమతులపై ఆంక్షలు పెట్టింది. దేశీయ పరిశ్రమకు రక్షణ కావచ్చు, డాలర్ల పొదుపు కావచ్చు, కారణం ఏదైనా ఆంక్షల భారం చివరికి టైరు మార్చడాన్ని వాయిదా వేసే వాహనదారుడి రూపంలో రోడ్డెక్కుతుంది. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి భారత్‌లో టైర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 28 శాతం శ్లాబు అంటే ఒకప్పుడు విలాస వస్తువుల సరసన ఉన్న శ్లాబు. భద్రతకు అత్యవసరమైన వస్తువు ఇన్నాళ్లూ అక్కడ ఉండటమే వింత. ఆ తగ్గింపు టైర్ల షాపు బిల్లులో పూర్తిగా కనిపిస్తోందా అన్నది పరిశీలించాల్సిన విషయం.

తెలుగు రాష్ట్రాలు ఈ రంగంలో కేవలం వినియోగదారులు కావు. తెలంగాణలోని సదాశివపేటలో ఎంఆర్ఎఫ్, ఆంధ్రప్రదేశ్‌లోని చినపాండూరులో అపోలో, అచ్యుతాపురంలో యోకహామా కర్మాగారాలు ఉన్నాయి. టైర్లు తయారుచేసే రాష్ట్రాలు టైర్ల తనిఖీలోనూ ముందు నడిస్తే అది సహజంగానే ఉంటుంది. పైగా ఆంధ్రప్రదేశ్ దక్షిణ కోస్తాకు వానాకాలం రెండుసార్లు వస్తుంది. దేశంలో చాలా చోట్ల వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు-చెన్నై హైవే మీద ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు మళ్లీ నీరు నింపుతాయి.

ఏం చేయవచ్చు?

కొత్త చట్టం అవసరం లేని పనులే ఎక్కువ.

ప్రతి వాహనం ఏడాదికో ఆరు నెలలకో కాలుష్య తనిఖీ కేంద్రానికి వెళ్తుంది. సొంత కార్లు, బైకులు 15 ఏళ్ల లోపు క్రమం తప్పకుండా ఆగే అధికారిక మజిలీ దాదాపు అదొక్కటే. గాళ్ల లోతు కొలిచే పరికరం ఖరీదు చాలా తక్కువ, కొలవడానికి పట్టేది నిమిషం. పొగ పరీక్షతోపాటు టైర్ల లోతును కూడా నమోదు చేసి వాహనదారుడికి చెబితే చాలు. మొదట్లో జరిమానా కూడా అక్కర్లేదు. ‘మీ వెనుక టైర్లు గడువు దాటాయి’ అని కాగితం మీద కనిపించడమే డాడ్జ్ పత్రం చేసిన పని చేస్తుంది. అయితే కాలుష్య కేంద్రాల్లో వాహనం రాకుండానే సర్టిఫికెట్లు ఇచ్చే జాడ్యం ఉంది. టైరు ఫోటో, వాహన నంబర్ ఒకే చోట నమోదయ్యేలా చేయకపోతే ఇదీ మరో తంతుగా మారుతుంది.

రెండోది వేగం. ఫ్రాన్స్, ఇటలీల్లో మోటార్‌వేల మీద మామూలు గరిష్ఠ వేగం 130 కిలోమీటర్లు. వాన పడితే అది 110కి తగ్గుతుందని చట్టమే చెబుతుంది. భారత్‌లో కేంద్రం నిర్ణయించే గరిష్ఠ వేగాలు వాహనాన్ని, రోడ్డు రకాన్ని బట్టే ఉంటాయి, వానను బట్టి మారవు. కానీ ఉత్తరాదిన యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఏటా పొగమంచు కాలంలో వేగ పరిమితిని తగ్గిస్తున్నారు. పొగమంచుకు చేయగలిగింది వానకు చేయలేకపోవడానికి కారణం కనిపించదు. అవుటర్ రింగ్ రోడ్డు లాంటి చోట్ల ఎలక్ట్రానిక్ బోర్డుల మీద వాన సమయంలో తగ్గించిన వేగాన్ని చూపించి, కెమెరాలను దానికి అనుగుణంగా మార్చవచ్చు.

మూడోది, ఏఐఎస్-142 కింద ఇప్పటికే జరుగుతున్న తడి పట్టు పరీక్ష ఫలితాన్ని షాపులో టైరు మీద అంటించే సులభమైన గుర్తుగా మార్చడం, ఆ పరీక్షను ద్విచక్ర వాహనాలకు విస్తరించడం.

గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లు సరిపోతుందా అన్న చర్చ వేరే ఉంది. బ్రిటన్‌లో చట్టం 1.6 అన్నా, రోడ్డు భద్రతా సంస్థలు 3 మిల్లీమీటర్ల వద్దే మార్చమంటాయి. అంత ముందుగా మార్చడం వృథా అని, అరిగాక కూడా పట్టు నిలిచేలా టైరు తయారుచేయాలని మిషెలిన్ లాంటి కంపెనీలు వాదిస్తాయి. ఈ చర్చకు ఇక్కడ ఇంకా సమయం రాలేదు. ఉన్న 1.6ను ఎవరైనా కొలవడం మొదలుపెట్టాక అది అర్థవంతమవుతుంది.

ఈలోగా వాహనదారుడి చేతిలో ఉన్నవి చిన్న పనులు. నెలకోసారి చల్లటి టైర్లకు గాలి చూపించుకోవడం, స్టెప్నీతో సహా. గాళ్ల మధ్య గట్టును వంగి ఒకసారి చూడటం. టైరు పక్కన ఉండే నాలుగంకెల తయారీ సంఖ్య చదవడం: 2321 అంటే 2021లో 23వ వారం. రెండు టైర్లే కొనగలిగితే వాటిని వెనక్కి వేయించడం, ఎందుకంటే వెనుక భాగం జారితే కారు తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం కష్టం. తొలి వానల్లో రోడ్డు మీది నూనె, రబ్బరు పొడి నీటితో కలిసి జారుడుగా మారతాయి కాబట్టి ఆ రోజుల్లో మరింత నెమ్మదిగా వెళ్లడం. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైతే బ్రేక్ మీదకు దూకకుండా యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిటారుగా పట్టుకోవడం.

డ్రాగ్ రేడియల్ కొన్న అమెరికన్‌కు తాను ఏం కొన్నాడో తెలుసు. ఆకాశం మబ్బు పట్టగానే ఆ కారును షెడ్డులో పెట్టి మరో కారు తీయగలడు. బటన్లు అరిగిన బైకు మీద డ్యూటీకి బయలుదేరే మనిషికి మరో బండి లేదు, వాన వెలిసేదాకా ఆగే తీరికా లేదు. ఆ టైరు సంగతి అతనికి చెప్పే బాధ్యత తీసుకున్నవారూ ఇప్పటికి లేరు.